చేతిపనుల రోజు: 4 గంటల్లో 30 మందికి చిరుగులు కుట్టుకోవడం ఎలా నేర్పాలి?

పోగులమూట:

అందరికీ నమస్కారం. చేతిపనుల రోజున బట్టలు బాగుచేసే విభాగం మా చేతికి వచ్చింది. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 వరకు సమయం ఉంది. 30 మంది దాకా వస్తారు. కుట్టు బాగా వచ్చినవాళ్లం ఆరుగురం, మిషన్లు మూడు, ఇస్త్రీపెట్టె ఒకటి. వచ్చేవాళ్లలో సగం మందికి సూదిలో దారం ఎక్కించడమే కొత్త.

బట్టలు తీసుకుని కుట్టిచ్చి పంపేయడం మా ఉద్దేశం కాదు. చిరిగిన చొక్కా తెచ్చినవాళ్లే దాన్ని కుట్టుకోవాలి, ఇంటికెళ్లాక ఇంకోటి సొంతంగా కుట్టుకోగలగాలి. ఏ పనులు ఒప్పుకోవాలి, ఏవి వద్దనాలి? రఫ్ఫు ఆ కాస్త సమయంలో నేర్పగలమా? పాతబట్టతో కొత్త వస్తువు చేయాలంటే, కొత్తవాళ్లు ఆ పూటే పూర్తిచేయగలిగేది ఏముంది? సామాను ఎంత పెట్టుకోవాలి?

గుండీలడబ్బా:

పోగులమూట గారూ, ఆరుగురూ నేర్పడానికే కూర్చుంటే కుదరదండీ. ఒకరు తలుపు దగ్గర, ఒకరు మిషన్ల దగ్గర ఉండాలి. మిగతా నలుగురు చేతికుట్టు బల్లల దగ్గర. 30 మందినీ ఒకేసారి పిలవకండి. 10 గంటలకు 15 మంది, 12 గంటలకు 15 మంది వస్తే ఒక్కో బల్లకు నలుగురే ఉంటారు. సూది పట్టడం తెలియనివాళ్లు అంతకు మించి ఉంటే ఒకరి కుట్టు చూస్తుండగా ఇంకొకరిది తప్పిపోతుంది.

తలుపు దగ్గర బల్ల చాలా ముఖ్యం. చిరుగు చూడగానే అంచనా వేయగలిగినవారినే అక్కడ కూర్చోబెట్టండి. ప్రతి బట్టనూ వెలుతురుకు ఎత్తి చూసి ఏం చిరిగింది, ఏ కుట్టు వేయాలి, ఎన్ని నిమిషాలు పడుతుంది అనేవి చీటీ మీద రాసి, పిన్నీసుతో బట్టకే గుచ్చేయాలి. కొత్తవాళ్ల చేతికి గుండీ 15 నిమిషాలు, విడిపోయిన పక్కకుట్టు 20, ప్యాంటు అంచు మడత అరగంట, అంగుళం లోపు చిల్లుకు రఫ్ఫు గంట, మోకాలి మీద అతుకు గంటకు పైనే పడుతుంది. చెయ్యి తిరిగినవాళ్ల వేగంతో లెక్కేస్తే సగం పనులు బల్లల మీదే ఉండిపోతాయి. 1:15 దాటాక గుండీ తప్ప ఏదీ మొదలుపెట్టించకండి.

జిప్పు మొత్తం మార్చడం, కోటు అస్తరు మార్చడం, తోలు, రెగ్జిన్, వదులు బిగుతులు సరిచేయడం ఒప్పుకోవద్దు. వీటిలో ఏ ఒక్కటి తీసుకున్నా ఒక మనిషి, ఒక మిషన్ చాలాసేపు దానికే అంకితమైపోతాయి. జిప్పు రన్నర్ వదులైన కేసు మాత్రం సంతోషంగా తీసుకోండి. జిప్పు వేశాక రన్నర్ వెనకాలే పళ్లు విచ్చుకుంటున్నాయంటే చాలాసార్లు తప్పు పళ్లది కాదు, రన్నర్ నోరు సాగిపోయింది. రన్నర్‌ను కింది కొసకు దించి, పళ్లు కలిసి బయటికొచ్చే వైపు రెండు అంచుల్నీ పట్టకారుతో ఒకసారి ఎడమ, ఒకసారి కుడి కొద్దికొద్దిగా నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ లాగి చూడాలి. ఒక్క పట్టున నొక్కేస్తే రన్నర్ బిగుసుకుపోతుంది, లేదా పుటుక్కున విరుగుతుంది.

ఉతికి ఆరేసిన బట్టలే తెమ్మని ముందే చెప్పండి. మరక మీద ఇస్త్రీ పెడితే అది ఇక వదలదు. పురుగు కొట్టిన ఉన్ని బట్టలు వస్తే సంచిలో మూతికట్టి విడిగా ఉంచాలి, మిగతా ఉన్నితో కలపకూడదు.

సామాను: చేతిసూదులు 60 (సగం సన్నవి, సగం బెజ్జం పెద్దవి), గుండుసూదులు 200, గుడ్డ కత్తెరలు 8, దారం తుంపే చిన్న కత్తెరలు 10, కుట్లు విప్పే సీమ్ రిప్పర్లు 6, వేలి తొడుగులు 10, టేపులు 6, సుద్దముక్కలు, మైనం. దారాల్లో తెలుపు, నలుపు, ముదురు నీలం, గోధుమ రంగులతో పాటు బూడిద రంగు లేతదీ ముదురుదీ తెచ్చుకోండి. బట్ట రంగుకు సరిగ్గా కలిసే దారం దొరక్కపోతే ఒక ఛాయ ముదురుది తీసుకోవాలి. లేతదైతే కుట్టు పైకి తేలి కనపడుతుంది. గుడ్డ కత్తెరలకు ఎర్ర పీలిక కట్టి, వాటితో కాగితం కోయొద్దని మొదట్లోనే చెప్పండి. సూదులు బల్లకు పదిహేను చొప్పున ఒక గుడ్డకు గుచ్చి ఇచ్చి, చివర లెక్క చూసుకోండి.

ఇస్త్రీపెట్టెను మిషన్లున్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించకండి. అది 1000 వాట్లో అంతకు మించో లాగుతుంది. మిషన్ మోటారు 100 వాట్ల చుట్టుపక్కలే. ఇస్త్రీపెట్టెకు గోడ ప్లగ్గు విడిగా ఉండాలి.

మాసిక:

రఫ్ఫు గంటలో నేర్పవచ్చండీ. కాకపోతే నేరుగా సొంత చొక్కా మీద మొదలుపెట్టించకూడదు. 6 అంగుళాల చదరం మందపాటి నూలు గుడ్డ తీసుకుని నడుమ బొటనవేలి గోరంత చిల్లు చేసి ఇవ్వండి. గుడ్డ ఒక రంగు, నిలువు పోగు ఇంకో రంగు, అడ్డపోగు మూడో రంగు. పడుగూ పేకా విడివిడిగా కంటికి కనపడితే మీరు చెప్పాల్సింది సగానికి తగ్గుతుంది.

చిల్లు అంటే బట్ట పూర్తిగా పోయిన చోటు మాత్రమే. దాని చుట్టూ అరిగి పలచబడిన మేర ఇంకా ఉంటుంది. కొత్తవాళ్ల కన్ను చిల్లు మీదే ఉంటుంది కాబట్టి కుట్టు కూడా చిల్లు అంచుకే వేస్తారు. రెండు ఉతుకులకు ఆ అంచు కుట్టుతో సహా ఊడొస్తుంది. అందుకే బట్టను కిటికీకి అడ్డంగా పట్టి, వెలుతురు ఎక్కడిదాకా ఎక్కువగా దూరుతోందో చూసి, ఆ హద్దు వెంట సుద్దగీత గీయించండి. కుట్టు ఎప్పుడూ ఆ గీతకు బయట, గట్టి బట్టలోనే మొదలవ్వాలి. ఆ రోజు నేర్పేవాటిలో ఈ ఒక్కటీ మనసులో పడితే అతుకులూ రఫ్ఫులూ అన్నీ నిలబడతాయి.

చిల్లు కింద చిన్న గిన్నె బోర్లించి బట్టను దానిమీద పరచాలి, సాగదీయకూడదు. 18 అంగుళాలకు మించని ఒంటి దారం చాలు. ముడి వేయకుండా 2 అంగుళాల కొస వదిలి, గీతకు పావు అంగుళం బయట నుంచి పడుగు వెంట సన్నటి పరుగు కుట్లు (సూదిని పైకీ కిందికీ గుచ్చుకుంటూ ముందుకు పోయే మామూలు కుట్లు) వేసుకుంటూ రావాలి. చిల్లు వచ్చినచోట దారాన్ని దాని మీదుగా దాటించి, అవతలి గట్టి బట్టలో మళ్లీ కుట్లు అందుకోవాలి. వరుస చివర తిరిగేటప్పుడు దారం బిగలాగకుండా ఆవగింజంత ఉచ్చు వదలాలి. ఉతికినప్పుడు కొత్త దారం ముడుచుకుంటుంది, ఆ వదులు అప్పుడు పనికొస్తుంది. వరుసల మధ్య ఖాళీ దారం మందమంత ఉంటే సరి. వరుసలన్నీ ఒకే గీత దగ్గర ఆగకుండా ఒకటి పొడుగు, ఒకటి పొట్టి రావాలి. అన్నీ ఒకేచోట ఆగితే లాగుడంతా ఆ గీత మీదే పడి, మడతపెట్టిన కాగితం చిరిగినట్టు అక్కడే చిరుగుతుంది.

నిలువు పోగులు నిండాక బట్టను పక్కకు తిప్పి అడ్డపోగు మొదలుపెట్టాలి. ఒక పోగు మీదుగా, ఒక పోగు కిందుగా. తిరుగు వరుసలో కిందుగా వెళ్లిన చోట మీదుగా. రెండు మూడు వరుసలకోసారి సూదిని అడ్డంగా పెట్టి వరుసల్ని దగ్గరికి జరుపుతుండాలి. చిల్లు అంచున వేలాడే పాత పోగుల్ని కత్తిరించేస్తారు, అలా చేయనివ్వకండి. వాటిని అడ్డపోగుతో పాటు నేతలోకి కలిపేస్తే రఫ్ఫు బట్టలో ఒదిగిపోతుంది.

చుట్టూ ముడతలు వచ్చాయంటే దారం బిగలాగారన్నమాట. రఫ్ఫు బుడిపెలా పైకి లేస్తే బట్టను గిన్నె మీద సాగదీసి పట్టారు. అట్టముక్కలా బిర్రుగా ఉంటే దారం మందం ఎక్కువైంది. దారం బట్టకంటే బలంగా ఉండకపోవడమే మంచిది. అరిగిన నూలు చొక్కాకు గట్టి పాలియెస్టర్ దారం వేస్తే అది చుట్టూ ఉన్న బట్టనే కోస్తుంది. ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారంలోంచి ఒకటో రెండో పోగులు విడదీసి వాడితే సరిపోతుంది.

గుండీ కూడా చాలామంది బట్టకు అదిమి కుట్టేస్తారు. గుండీకీ బట్టకీ మధ్య కాజా పట్టీ మందం పట్టేంత దారపు మెడ ఉండాలి. గుండీ మీద ఒక అగ్గిపుల్ల పెట్టి, జంట దారంతో పుల్ల మీదుగా ఒక్కో జత రంధ్రాలకు 3 సార్లు కుట్టాలి. పుల్ల తీసేసి గుండీని పైకి లాగి, గుండీకీ బట్టకీ మధ్య దారాన్ని 5, 6 చుట్లు బిగించి, వెనక్కి దించి ముడివేయాలి. గుండీతో పాటు బట్ట ముక్క కూడా ఊడిపోయి ఉంటే ముందు వెనకాల గోరంత అతుకు వేయాలి, గుండీ తర్వాత.

పోగులమూట:

చాలా ఉపయోగంగా ఉంది, మాసిక గారూ, గుండీలడబ్బా గారూ. మాకు ఎక్కువగా వచ్చేవి తొడల మధ్య అరిగిపోయిన జీన్స్, చిన్న చిల్లులు పడ్డ టీషర్టులు అనుకుంటున్నాం. వాటికీ ఇదే పద్ధతా? మిషన్ల దగ్గర కొత్తవాళ్లను కూర్చోబెట్టవచ్చా?

పదహారోనంబరు:

జీన్స్‌కు వెలుతురు పరీక్ష అదే, కుట్టు వేరండీ. అక్కడ అరిగే మేర అరచేయంత ఉంటుంది కాబట్టి రఫ్ఫు కాదు, లోపలి నుంచి అతుకు వేయాలి. ప్యాంటు కంటే కాస్త పలచనైన పాత జీన్స్ గుడ్డ మంచిది. కొత్త నూలు గుడ్డయితే ముందే ఉతికి ఇస్త్రీ చేయాలి, లేకపోతే మొదటి ఉతుక్కే అతుకు కుంచించుకుపోయి ప్యాంటును ముడతలు పెడుతుంది. సాగే జీన్స్‌కు సాగే గుడ్డే వేయాలి. సాగని అతుకు వేస్తే దాని పక్కనే కొత్త చిరుగు మొదలవుతుంది.

సుద్దగీతకు అన్ని వైపులా ముప్పావు అంగుళం ఎక్కువ ఉండేలా అతుకు కోసి, మూలలు గుండ్రంగా చేయాలి. కోసుగా ఉన్న మూలే ముందు లేస్తుంది. అతుకు పడుగు ప్యాంటు పడుగు వెంటే రావాలి. అంచులు లోపలికి మడవకండి. నడిచేటప్పుడు ఆ గట్టు తొడకు రాసుకుంటుంది. ముందు పెద్ద పెద్ద టాకాలతో నిలిపి, తర్వాత పావు అంగుళం ఎడంగా వరుసగా పరుగు కుట్లు. జపాన్ సాషికో అయినా, బెంగాల్ కాంథా అయినా, బొంత అయినా బట్ట పొరల్ని కలిపి ఉంచేది ఈ పరుగు కుట్టే. సాషికోలో పైన కనిపించే కుట్టు కిందిదానికంటే కాస్త పొడుగు. మూడు వంతులు పైన, రెండు వంతులు కింద అనుకోండి. ఆ పోలికతో వేస్తే దారం బట్టలోకి నలగకుండా చక్కగా కనపడుతుంది.

ఈ పని మిషన్ మీద చేయించకండని నా సలహా. తొడల మధ్య కాళ్ల కుట్లన్నీ ఒకచోట కలుస్తాయి, బట్టను అదిమిపట్టే మిషన్ పాదం ఆ గట్టు ఎక్కలేక ఒకేచోట కుట్లు కుక్కేస్తుంది. చేయక తప్పకపోతే 16 నంబరు సూది, 3 మిల్లీమీటర్ల కుట్టు. గట్టు దగ్గరికి వచ్చినప్పుడు పాదం వెనక మడిచిన అట్టముక్క పెట్టి పాదాన్ని సమంగా నిలపాలి, చక్రం చేత్తో తిప్పాలి.

టీషర్టు నేసిన బట్ట కాదు, అల్లిన బట్ట. అందులో పడుగూ పేకా ఉండవు, ఒక ఉచ్చులో ఇంకో ఉచ్చు ఉంటుంది. ఒక ఉచ్చు తెగితే దాన్ని పట్టుకున్నవి వరుసగా జారిపోతాయి. కాబట్టి చిల్లును సాగదీసి చూడటమే మొదటి తప్పు. పావు అంగుళం లోపు చిల్లయితే లోపలి వైపు నుంచి సన్న సూదితో చిల్లు చుట్టూ ఉన్న ఉచ్చులన్నిటినీ ఒక్కొక్కటిగా దారానికి ఎక్కించుకుని, సంచి మూతి ముడిచినట్టు మెల్లగా దగ్గరికి లాగి, రెండు చిన్న కుట్లతో నిలపాలి. గట్టిగా లాగితే చుట్టూ నక్షత్రంలా ముడతలు పడతాయి. అంతకంటే పెద్దదైతే లోపల ఇంకో టీషర్టు ముక్క అతుకు. మిషన్ మీద అయితే 11 నంబరు బాల్ పాయింట్ సూది (కొస గుండ్రంగా ఉండేది), సన్న జిగ్‌జాగ్ కుట్టు. మామూలు సూది ఉచ్చుల్ని తెంపుతుంది, తిన్నని కుట్టు వేసుకున్నప్పుడు సాగలేక టప్పుమని తెగుతుంది.

కొత్తవాళ్లను మిషన్ దగ్గర కూర్చోబెట్టండి, కానీ ముందు దారం లేకుండా గీతల కాగితం మీద కుట్టించండి. రెండు నిమిషాల్లో చెయ్యి, కాలు కుదురుతాయి. కాగితం కుట్టిన సూది మొద్దుబారుతుంది కాబట్టి దానికి పాత సూదే ఉంచండి. బట్ట అడుగున దారం గూడు కట్టేస్తే అందరూ అడుగుదారం చుట్టిన బాబిన్ విప్పుతారు. చాలాసార్లు లోపం పైదారంలో ఉంటుంది. పాదం కిందికి దించి ఉన్నప్పుడు దారం ఎక్కిస్తే దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ పళ్లేల మధ్యలోకి అది దిగదు, అందుకే అడుగున వదులైపోతుంది. పాదం పైకెత్తి పైదారం మొదటి నుంచి ఎక్కిస్తే సరిపోతుంది. కుట్లు తప్పిపోతుంటే సూది తిరగబడిందో, మొద్దుబారిందో చూడండి. సూది విరుగుతోందంటే బట్టను వెనక నుంచి లాగుతున్నారు.

పీలికలు:

పాతబట్టతో కొత్త వస్తువు అంటే నేను ఒక్కటే పెడతాను. గుండీల చొక్కాతో దిండు గలేబు. రెండో వస్తువు పెడితే మీ బల్లల మీద సామాను, చెప్పాల్సిన మాటలు రెండింతలవుతాయి. చొక్కాకు గుండీల పట్టీ ముందే ఉంది కాబట్టి గలేబుకు జిప్పు, కాజా ఏదీ కుట్టక్కర్లేదు. మిగిలింది నాలుగు తిన్నని కుట్లే.

16 అంగుళాల దిండుకు 17 అంగుళాల చదరం కావాలి, అన్ని వైపులా అర అంగుళం కుట్టులోకి పోతుంది. చొక్కాకు గుండీలన్నీ పెట్టి, లోపలి వైపు బయటికి తిప్పి, ఇస్త్రీ చేసి, బల్ల మీద పరవండి. అట్టతో కోసిపెట్టుకున్న 17 అంగుళాల చదరాన్ని గుండీల పట్టీ నడిమధ్యకు వచ్చేలా పెట్టి సుద్దతో గీయండి. గీతకు అర అంగుళం లోపల నాలుగు వైపులా ముందు కుట్టేయాలి, తర్వాతే గీత మీద కోయాలి. ముందే కోస్తే ముందుభాగం, వెనకభాగం జారిపోయి చదరం వంకర పోతుంది. మూలలు ఏటవాలుగా తుంచి, అంచులకు జిగ్‌జాగ్ వేసి, గుండీలు విప్పి తిరగేస్తే అయిపోయినట్టే.

ఒక్కచోట చాలా జాగ్రత్త. పైకుట్టు, కిందికుట్టు గుండీ మీద పడకూడదు. పడితే సూది విరిగి ముక్క ఎగురుతుంది. గీసే ముందే చదరాన్ని కాస్త పైకో కిందికో జరిపి, రెండు కుట్లూ గుండీల మధ్య ఖాళీలో వచ్చేలా చూసుకోవాలి. గుండీల ఎడం కుదరకపోతే ఒక గుండీ ఊడదీసి, గలేబు అయ్యాక మళ్లీ కుట్టుకోవడం మేలు. గుండీ కుట్టడం అప్పటికే నేర్చుకుని ఉంటారు కదా. పట్టీ దాటే చోట రెండుసార్లు కుట్టండి, తీసినప్పుడల్లా లాగుడు అక్కడే పడుతుంది.

టీషర్టు సంచులు అందరూ చెబుతారు, చేయడం తేలికే. చేతులు కోసి, మెడ లోతు చేసి, కింద రెండు వరుసలు కుట్టాలి. కానీ బరువు వేస్తే మోకాళ్లదాకా సాగుతుంది. కాబట్టి 14 అంగుళాల లోతుకు మించనివ్వకండి.

మాసిక:

పీలికలు గారూ, గలేబు ఆలోచన బాగుంది. ఒక్క అభ్యంతరం ఉంది. కాలరు మడత మాత్రమే అరిగి, మిగతాదంతా గట్టిగా ఉన్న చొక్కాలు గలేబు బల్ల మీదకు వెళ్లకూడదు. కాలరును దాని పట్టీలోంచి విప్పి, తిరగేసి, అదే గాటులో మళ్లీ కుడితే అరిగిన వైపు కిందికి పోతుంది. కుట్టు విప్పే ముందు కాలరు నడిమధ్య, పట్టీ నడిమధ్య రెండు చోట్లా పిన్ను గుచ్చి గుర్తు పెట్టుకుంటే వంకర రాదు. గంటన్నర పని, ఆ రోజు ఒకటి చేసి చూపిస్తే చాలు. తొడుక్కోగలిగిన బట్టను కోయడం చూస్తే నాకు మనసొప్పదండీ.

పీలికలు:

మీరన్నది నిజమే. తలుపు దగ్గర బల్లలోనే అది తేల్చేయాలి. బట్టను రెండు బొటనవేళ్ల మధ్య పట్టి అడ్డంగా, నిలువుగా గట్టిగా లాగి చూడండి. వీపు దగ్గరే పోగులు విడిపోతే ఆ చొక్కా కుట్టుకూ రాదు, గలేబుకూ రాదు. గుండీలు కోసుకుని, మిగతాది తుడుపు గుడ్డ. వీపు గట్టిగా ఉండి, చంకలూ మోచేతులూ పోయినవే గలేబుకు.

పోగులమూట:

తలుపు దగ్గర చీటీ మీద "లాగి చూశాం" అని ఒక గడి కూడా పెడుతున్నాం. కాలరు చూపించడానికి ఒక చొక్కా ముందే విప్పి ఉంచుకుంటాం. చివరి సందేహం: వచ్చేవాళ్లలో ఇద్దరు ఎడమచేతివాటం వాళ్లున్నారు. వాళ్లకు ఎలా చూపించాలి?

గుండీలడబ్బా:

కుడిచేతివాళ్లకు నేర్పేటప్పుడు పక్కన కూర్చోండి. ఎదురుగా కూర్చుంటే అంతా అద్దంలో చూసినట్టు తిరగబడి కనపడుతుంది. ఎడమచేతివాళ్లకు సరిగ్గా అదే కావాలి కాబట్టి వాళ్లకు ఎదురుగా కూర్చుని మీ మామూలు చేత్తోనే కుట్టండి. వాళ్లు కుట్టు ఎడమ నుంచి కుడికి నడుపుతారు. గుడ్డ కత్తెరలు మాత్రం ఎడమచేతివి రెండు విడిగా తెప్పించండి. కుడిచేతి కత్తెరలో పై అలుగు వాళ్లకు గీతను కప్పేస్తుంది, పైగా వేళ్ల ఒత్తిడికి అలుగులు దూరమై గుడ్డ తెగకుండా మధ్యలో మడతపడుతుంది.